మూడు సీజన్ల గ్లవ్

షామ్‌బర్గ్‌లో మా డూప్లెక్స్ ఇంటి రెండో సగం వెర్నా హాల్వర్సన్‌ది. రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ. ఆవిడ కుళాయి తిప్పితే మాకు వినిపించేది. నేను తాళింపు వేస్తే ఆవిడ కిటికీ తెరిచేది. నాలుగేళ్లు పక్కపక్కన ఉన్నాక కూడా ఆవిడ గురించి మాకు తెలిసింది తక్కువే. అరవై ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. టెలిఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరయింది. నేను ఆసుపత్రిలో నర్సుని. నేనూ మా ఆయన సుందర్ రాజ్ పనుల నుంచి తిరిగొచ్చేదాకా మా పన్నెండేళ్ల దెబోరా వెర్నా ఇంట్లోనే ఉండేది.

ఎనభై ఐదు జూన్‌లో రెండు రోజులు ఆగకుండా కురిసిన వానకి వెర్నా బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయి. తడిసిన అట్టపెట్టెలన్నీ మోసుకొచ్చి మా రెండిళ్ల ముందూ ఎండలో పరిచాం. నేను, దెబోరా, మా మామగారు ఆమోసు. మామగారు ఏప్రిల్‌లోనే వచ్చారు, ఆరు నెలలుండి వెళ్దామని.

ఒక పెట్టె అడుగున దెబోరాకి గోధుమరంగు ముద్ద ఒకటి దొరికింది.

"ఆంటీ, ఇదేంటి? డెడ్ టర్టిల్‌లా ఉంది," అంది.

వెర్నా దాన్ని చేతిలోకి తీసుకుంది. "నా గ్లవ్. బేస్‌బాల్ గ్లవ్."

"మీరు ఆడేవారా? ఫర్ ఫన్?"

"సరదాకి కాదు. జీతానికి."

పెట్టెలో ఒక ఫోటో కూడా ఉంది. పొట్టి స్కర్టుల్లో పదిహేనుమంది ఆడపిల్లలు, చివర్లో గడ్డం పైకెత్తి నిలబడిన పొడుగాటి అమ్మాయి వెర్నా. దెబోరా ఆ ఫోటో పట్టుకుని మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇంకో మాట లేదు.

"డాడీ, వెర్నా ఆంటీ వాజ్ ఎ ప్రో! పిచర్! నువ్వు బేబీగా ఉన్నప్పుడు!"

"పిచర్ అంటే ఎవరమ్మా?" అన్నారు మామగారు.

"బాల్ త్రో చేసేవాళ్లు తాతా. క్రికెట్‌లో బౌలర్ టైప్."

"ఆడపిల్లలకి? జీతమిచ్చి?"

"అవును తాతా. లీగ్ ఉండేది. ఓన్లీ గర్ల్స్."

మామగారు అన్నం కలపడం ఆపి, గోడకి అవతల వెర్నా ఉన్నవైపు ఒకసారి చూశారు.

రెండు రోజుల తర్వాత వెర్నా మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని గ్లవ్ బల్లమీద పెట్టింది. పక్కన ఒక ఉత్తరం. ఆ ఉత్తరం మార్చిలో వచ్చిందట. పాత లీగ్ ఆటగత్తెలు ఇన్నేళ్ల తర్వాత ఆగస్టులో కలుసుకుంటున్నారు. విస్కాన్సిన్‌లో వెర్నా జట్టు ఆడిన పాత మైదానంలోనే. వచ్చిన ప్రతి పిచరూ ఒక ఇన్నింగ్స్, అంటే ముగ్గురు అవుటయ్యేదాకా, బంతి వెయ్యాలి. వెర్నా అప్పుడు జవాబు రాయలేదు. గ్లవ్ కళ్లబడ్డాక వెళ్లాలనిపించింది. కానీ గ్లవ్ తడిసి, ఆరి, అప్పడంలా బిగుసుకుపోయింది. వేళ్లని కలిపే తోలు తాళ్లన్నీ తెగిపోయాయి. మాల్‌లో బూట్లు బాగుచేసే అతను చూసి, చెత్తబుట్ట చూపించాడట.

"కొత్తది కొనుక్కోవచ్చు కదా," అన్నాను.

"దీనితో అయితే వెళ్తాను," అంది వెర్నా. "లేకపోతే లేదు."

ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

సోఫాలో కూర్చున్న మామగారు లేచి వచ్చి గ్లవ్ తీసుకున్నారు. వాసన చూశారు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా వంచి, తోలు చేసే చప్పుడు విన్నారు. బొటనవేలితో లోపలంతా తడిమారు.

"తోలు మంచిది. చావలేదు, దాహమేసిందంతే," అన్నారు. "ఆవిడకి చెప్పు దెబోరమ్మా, నేను చేసిస్తానని."

దెబోరా చెప్పింది. వెర్నా ఆయన చేతులకేసి చూసింది.

సుందర్ రాజ్ పేపరు దించాడు. "మీకెందుకు నాన్నా ఇవన్నీ? రెస్ట్ తీసుకోండి."

"రెస్ట్ తీసుకుని తీసుకుని నడుం పట్టేసింది," అన్నారు మామగారు.

మామగారి నాన్న, తెనాలి దగ్గర మా పేటలో చెప్పులు కుట్టేవారు. మోటకి బొక్కెన్లు, ఎడ్లకి పట్టెడలు కూడా. మామగారు పదమూడేళ్ల దాకా ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నారు. తర్వాత మిషన్ బడి, మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు ఉద్యోగం. ముప్పై నాలుగేళ్లు మందులు కలిపారు. మా పెళ్లినాటికి మా ఇళ్లలో ఎవరూ తోలు ముట్టడం లేదు, ఆ మాట ఎత్తడమూ లేదు. ఇక్కడికి వచ్చాక సుందర్ రాజ్ ఇంకా జాగ్రత్తగా ఉండేవాడు. మా వీధిలోనే ఉండే కృష్ణమోహన్, రేణు మాకు మంచి స్నేహితులు. కానీ కృష్ణమోహన్‌కి కొత్త తెలుగువాడు కనిపిస్తే ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు అని అడగనిదే కాఫీ గొంతు దిగదు. మమ్మల్ని అడిగినప్పుడు సుందర్ రాజ్, "నాన్న హాస్పిటల్‌లో చేసేవారు," అని మాట మార్చేశాడు.

మామగారు గరాజ్‌లో ఒక మూల సర్దుకున్నారు. ఎత్తు తక్కువ స్టూలు, ఒక చెక్కపలక, సుందర్ రాజ్ టూల్ బాక్సులో సన్నటి స్క్రూడ్రైవరు అరగదీసి చేసుకున్న ఆరె. తోలుకి బెజ్జాలు పొడవాలంటే ఆరె లేకుండా కుదరదట. తలకి రాసుకోవడానికి ఊరి నుంచి తెచ్చుకున్న ఆముదం సీసా అక్కడికే చేరింది. వారం రోజులు పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి ఆముదం వేళ్లతో గ్లవ్‌కి పట్టించారు. ఎనిమిదో రోజుకి అది మూసుకోవడం, తెరుచుకోవడం నేర్చుకుంది. ఆ రోజే వెర్నా వస్తానని జవాబు రాసింది.

తాళ్లకి తోలెక్కడిది? నా మొదటి జీతంతో కొనుక్కున్న హ్యాండ్‌బ్యాగ్ జిప్పు పోయి అల్మారాలో పడి ఉంది. అదిచ్చాను. మామగారు దాని మూతలోంచి సాసరంత బిళ్ల కోశారు. ఆ బిళ్ల అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ, చుట్టూ, లోపలికి కోసుకుంటూ పోయారు. ఎక్కడా తెగకుండా సన్నటి తోలు వారు ఒకటి వస్తూనే ఉంది. దెబోరా ఒక కొస పట్టుకుని గరాజ్ దాటి, డ్రైవ్‌వే దాటి, మెయిల్‌బాక్స్ దాకా నడిచింది.

"తాతా! ఇట్స్ స్టిల్ కమింగ్!"

వెర్నా చప్పట్లు కొట్టింది. అంతవరకు ఆవిడ చప్పట్లు కొట్టడం నేను చూడలేదు.

ఆ సాయంత్రాల్లోనే ఆవిడ కథ బయటికొచ్చింది. మామగారు పని చేస్తుంటే వెర్నా ఎదురుగా మడతకుర్చీ వేసుకునేది. మధ్యలో మా పిల్ల ఇద్దరికీ దుబాసీ. నేను కూరలు తరుక్కుంటూ వినేదాన్ని.

వెర్నాకి ఇరవై ఒక్కటప్పుడు బఠాణీలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పని. నలభై ఆరు వేసవి మొదట్లో లీగ్ మనిషి ఒకాయన ఫ్యాక్టరీ వెనక ఆటస్థలానికి వచ్చి, ఈ పిల్ల బంతి వేసే తీరు చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడట.

"మా పశువుల కొట్టం తలుపు దగ్గర," అందట వెర్నా.

"ఎవరు నేర్పారు?"

"తలుపే."

ఆవిడ వేసేది కింది చేతి బంతి. చెయ్యి భుజం పైనుంచి రాదు. వెనక్కి వెళ్లి, తొడ పక్కనుంచి, నేలకి జానెడెత్తులో ముందుకొస్తుంది. బంతి కిందనుంచి లేచి బ్యాట్ దగ్గరికొచ్చేసరికి ఇంకా పైకి లేస్తుంది. మొదటి ఏడు ఇరవై మూడు ఆటలు గెలిచింది. రెండో ఏడు ఇరవై ఏడు. ఊళ్లో జనం పేరు పెట్టి పిలిచేవాళ్లు. మంగలిషాపు కిటికీలో ఆవిడ ఫోటో ఉండేది. వాళ్ల నాన్న ప్రతి వారం గడ్డం గీయించుకునే వంకతో వెళ్లి చూసుకునేవాడట.

నలభై ఏడు జులైలో ఒక ఆట. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లతో అయిపోవాలి. రెండు జట్లకీ సున్నా. పది, పన్నెండు, పదిహేను. మేనేజరు వచ్చి, చాలు, ఇంకొకర్ని పంపుతానన్నాడు. వెర్నా బంతి ఇవ్వలేదు. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో వాళ్ల జట్టుకి ఒక్క పరుగు వచ్చింది. గెలిచారు. పిచర్ నిలబడే మట్టిదిబ్బ దిగేసరికి స్కర్టు కుడిపక్కంతా రక్తం. బంతి వదిలే ప్రతిసారీ వేళ్ల కణుపులు తొడకి రాసుకుంటాయి కదా. బట్ట పుండుకి అంటుకుపోతే, బ్యాట్ వెనకనుంచి బంతి అందుకునే వాళ్ల క్యాచర్, ఎడ్నా అనే అమ్మాయి, గోరువెచ్చటి నీళ్లు పోసి, గంటసేపు కూర్చుని ఊడదీసిందట.

నర్సుని కదా, చేతులు చూడటం నాకు అలవాటు. ఆవిడ కుడిచేతి కణుపుల మీద చర్మం ఇప్పటికీ తెల్లగా, నున్నగా ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తూ, ఏ పొయ్యి మీదో కాలిందనుకున్నాను. ఆ చేత్తోనే మా పిల్లకి జడలు వేసింది.

"నొప్పి లేదా అని అడుగమ్మా," అన్నారు మామగారు.

దెబోరా అడిగింది. వెర్నా నవ్వింది. "ఉందంట తాతా. బట్, గెలుస్తుంటే నెక్స్ట్ డే దాకా తెలీదంట."

"మరి మూడేళ్లకే ఎందుకు మానేసింది?"

నలభై ఎనిమిదిలో లీగ్ వాళ్లు నియమం మార్చారంది. మగవాళ్ల ఆటలాగే కనపడాలని, ఇకనుంచి అందరూ భుజం పైనుంచే విసరాలన్నారు. ఆరు వారాలు నేర్పారు. "ఆ చెయ్యి నాది కాదు," అంది వెర్నా. అంతటితో ఆపేసి, ఉన్నట్టుండి బేస్‌బాల్ బంతి ఒకటి ఇచ్చి చూడమంది. మామగారు దాని మీది ఎర్ర కుట్టు చుట్టూ వేలు తిప్పారు.

"ఇది మిషన్ కుట్టు కాదు. చేత్తో వేసింది. రెండు సూదులతో." ఆయన మొహం విప్పారింది. నావైపు తిరిగారు. "చూశావా రూతమ్మా, ఇంత దేశంలోనూ దీనికి చెయ్యే కావాల్సొచ్చింది."

ఆగస్టు మూడో శనివారం ఆట. ముందు ఆదివారానికి సగం వేళ్లు అల్లడం అయింది. ఆ మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి నేను ఉల్లిపాయ పకోడీ వేస్తున్నాను. మామగారు గరాజ్‌లో ఉన్నారు. తలుపు పైకెత్తి ఉంది. కృష్ణమోహన్, రేణు వీధి చివర నడిచొస్తూ కనిపించారు.

సుందర్ రాజ్ వంటింట్లోంచి గరాజ్‌లోకి వెళ్లే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను చూస్తూనే ఉన్నాను. గోడమీది బటన్ నొక్కాడు. గరాజ్ తలుపు గరగరలాడుతూ కిందికి దిగింది. మామగారు తలెత్తి చూశారు. సుందర్ రాజ్ గుమ్మం తలుపు కూడా మెల్లిగా వేసేసి, ముందుగదిలోకి వెళ్లి, "రండి రండి," అన్నాడు.

ఆ తలుపు మిషన్‌కి ఉన్న బల్బు నాలుగైదు నిమిషాలు వెలిగి, దానంతటదే ఆరిపోతుంది. నాకు తెలుసు. పకోడీ మాడుతుందని నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. రేణు పకోడీ బాగున్నాయంది. కృష్ణమోహన్, "అంకుల్ లేరా?" అన్నాడు. "పడుకున్నారు," అన్నాడు సుందర్ రాజ్. గంటన్నర కూర్చున్నారు వాళ్లు.

తర్వాత తలుపు తీస్తే మామగారు చీకట్లో స్టూలు మీద అలాగే ఉన్నారు. పనిముట్లు పాత తువ్వాలులో చుట్టి, ముడి కూడా వేసేశారు.

"ఇంక వద్దులే అమ్మాయ్," అన్నారు నాతో. కొడుకు వైపు చూడకుండా లోపలికి వెళ్లారు.

సోమవారం వెర్నా వస్తే, "కళ్లు ఆనడం లేదని చెప్పు," అన్నారు దెబోరాతో. దెబోరా ఆయన మొహం చూసి, ఆవిడ మొహం చూసి, చెప్పింది. వెర్నా సగం అల్లిన గ్లవ్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"పరవాలేదు. నేను వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్తాను."

మామగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆవిడని గుమ్మందాకా సాగనంపుతూ అప్పుడడిగాను నేను, ఈ గ్లవ్వే ఎందుకని.

"చివరి ఆటలో వాళ్లు చెప్పినట్టే పైనుంచి విసిరాను," అంది వెర్నా. "ఒక్కటీ సరిగా పడలేదు. బంతి కొట్టే పనే లేకుండా అయిదుగురికి వరసగా ఊరికే పరుగుకి దారి ఇచ్చేశాను. మేనేజరు దిబ్బ మీదకి వచ్చి నా చేతిలోంచి బంతి లాక్కున్నాడు. జనం అరుస్తున్నారు, నా పేరు పెట్టే. నేను బెంచి దగ్గరికి వెళ్లలేదు. గేటు దాటి బస్ స్టేషన్‌కి నడిచాను. ఎడ్నాకి కూడా చెప్పలేదు. బస్సెక్కాక చూసుకుంటే గ్లవ్ చేతికే ఉంది." ఆవిడ తలుపు గడియ మీద చెయ్యి పెట్టింది. "దీన్ని వేసుకుని దొంగలా దిగాను, రూత్. దీన్ని వేసుకునే ఒకసారి సరిగా దిగాలని. అంతే. పిచ్చి ఆలోచన."

ఆ సాయంత్రం భోజనాలయ్యాక సుందర్ రాజ్‌కి ఈ మాటలన్నీ చెప్పాను. ఆయన టీవీ కట్టలేదు.

"మామయ్యగారి కళ్లకేమీ కాలేదండీ. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నీకు అర్థం కాదు రూతూ. కృష్ణమోహన్ వాళ్లు చూస్తే..."

"నాకెందుకర్థం కాదు? నేనూ ఆ పేట పిల్లనే. ఆ తలుపు దిగుతుంటే నేనూ నోరు మూసుకుని పకోడీ తిప్పాను." నా గొంతు లేచింది. "రేపు ఆవిడ ఫోన్ చేసి రానని చెప్పేస్తుంది. ముప్పై ఏడేళ్లు ఆగింది. ఇంకో శనివారం రాదు ఆవిడకి."

నేను గిన్నెలు తోముకున్నాను. గోడ అవతల వెర్నా కుళాయి తిప్పి, కట్టేసిన చప్పుడు వినిపించింది.

మంగళవారం సుందర్ రాజ్ ఆఫీసు నుంచి గంట ముందే వచ్చాడు. కారు లోపల పెట్టకుండా వీధిలోనే ఆపాడు. గరాజ్ తలుపు పైకెత్తాడు. టై కూడా తియ్యకుండా లోపలికి వెళ్లి స్టూలు, చెక్కపలక, ఆముదం సీసా ఒక్కొక్కటే బయటికి తెచ్చి, డ్రైవ్‌వే మధ్యలో ఎండ పడేచోట పెట్టాడు. అటు వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనిపిస్తుంది. తర్వాత ఇంట్లోకొచ్చాడు.

"నాన్నా, గరాజ్‌లో వెలుతురు చాలదు. బయట వేశాను మీ స్టూలు."

మామగారు లేచి తువ్వాలు మూట తీసుకున్నారు. తర్వాత అన్నారు, "టై తీసెయ్ సుందరం. ఆముదం అంటుకుంటుంది."

నేను వెళ్లి గోడ తట్టాను. వెర్నా అప్పటికి ఫోన్ చెయ్యలేదు. చెయ్యడానికి డైరీలో నెంబరు వెతుకుతోందట.

ఆ వారమంతా ఆయన డ్రైవ్‌వేలోనే కూర్చున్నారు. సుందర్ రాజ్ పక్కన నేలమీద కూర్చుని తోలు వారు బిగువు తగ్గకుండా పట్టుకునేవాడు. బుధవారం కృష్ణమోహన్ వాకింగ్‌కి వచ్చి ఆగాడు.

"ఏంటి అంకుల్, ఏం కుడుతున్నారు?"

"పక్కింటావిడ గ్లవ్ అండీ," అన్నాడు సుందర్ రాజ్. తల దించుకునే ఉన్నాడు, కానీ మాట గట్టిగానే వచ్చింది. "నాన్నకి తోలు పని వచ్చు. మా తాతయ్య చెప్పులు కుట్టేవారు."

"అలాగా," అన్నాడు కృష్ణమోహన్. "బాగుంది," అని కూడా అన్నాడు. నడక సాగించాడు. ఆ 'అలాగా' ఎలాంటిదో మాకు ఇవాళ్టికీ తెలీదు. మామగారు మాత్రం ఆరె ఆపలేదు.

శుక్రవారం సాయంత్రానికి పని పూర్తయింది. ఆముదం తాగి నల్లబడి మెరుస్తున్న గ్లవ్, వేళ్ల మధ్య కొత్త అల్లిక. మామగారు రెండు చేతులతో ఇచ్చారు. వెర్నా ఎడమచెయ్యి లోపల పెట్టి, వేళ్లు కదిపింది. నవ్వుతున్న మనిషి ఆగిపోయింది. గ్లవ్ తీసి, అరచేతి భాగం తిప్పి చూసింది. అక్కడ రూపాయి బిళ్లంత కొత్త తోలు ముక్క, ఎక్కడ మొదలైందో తెలియనంత సన్నటి కుట్టుతో అతికి ఉంది.

"ఇక్కడ చిరుగుంది కదా. పెద్దదవుతుందని మూసేశాను," అన్నారు మామగారు గర్వంగా.

వెర్నా మెల్లిగా ఏదో చెప్పింది. దెబోరా నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"తాతా... అది చిరుగు కాదంట. ఆ హోల్ ఆంటీ తనే కట్ చేసిందంట. ఆన్ పర్పస్."

ఎందుకో వెర్నా చేసి చూపించింది. బంతి గ్లవ్ లోపల ఉన్నప్పుడు ఎడమచేతి మధ్యవేలు ఆ కన్నంలోంచి బంతిని తాకుతుంది. కుట్టు ఎటుందో వేలు చెప్తుంది. చూడకుండానే బంతి తిప్పి కుడిచేత్తో అందుకోవచ్చు. ఏ బంతి రాబోతోందో ఎదుటివాళ్లకి తెలీదు. యాభై ఆటల రహస్యం ఆ కన్నం. ఎడ్నాకి తప్ప ఎవరికీ తెలీదు.

మామగారు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నారు. "ఓరి నాయనో. బాగున్నదాన్ని బాగుచేశానా!"

దెబోరా అది ఇంగ్లీషులో చెప్పేసరికి వెర్నా పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, "లీగ్ వాళ్లు కూడా అదే చేశారు," అంది.

"కాఫీ పెట్టమ్మా," అన్నారు మామగారు నాతో. మళ్లీ స్టూలు మీద కూర్చుని, తన కుట్టు తనే విప్పారు. ముక్క తీసేశారు. అలా వదిలేస్తే అంచు చిరుగుతూ పోతుందని, మైనం రాసిన దారంతో కన్నం చుట్టూ చొక్కా గుండీకి కాజా కుట్టినట్టు కుట్టారు. దగ్గరదగ్గరగా, చిన్న చిన్న ముళ్లు. సగంలో వెర్నాని పిలిచి, వేలు పెట్టించి కొలత చూసుకున్నారు. ఎండ మా పైకప్పు దాటేసరికి అయిపోయింది. వెర్నా గ్లవ్ తొడుక్కుని, బంతి లోపల పెట్టి, కళ్లు మూసుకుంది. వేలు కదిలింది.

"ఉంది," అంది.

మర్నాడు పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కూలర్ డబ్బాలో పెట్టుకుని అందరం ఒకే కారులో వెళ్లాం. ఊరు చిన్నది. మైదానం చుట్టూ చెక్కబెంచీలు, రెండొందల మంది జనం ఉంటారేమో. కళ్లజోళ్లు, మోకాలి పట్టీలు, తెల్లజుట్టు మీద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టి కేకలు వేస్తున్నారు. కర్ర పట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ వెర్నాని చూసి దగ్గరికొచ్చింది. గ్లవ్ లాక్కుని అరచెయ్యి వైపు తిప్పింది. కన్నంలో వేలు పెట్టింది. అప్పుడు నవ్వింది. ఎడ్నా.

అయిదో ఇన్నింగ్స్‌కి వెర్నాని పిలిచారు. అంపైరు, "పైనుంచా, కిందనుంచా, మీ ఇష్టం," అన్నాడు. వెర్నా దిబ్బ ఎక్కింది. అరవై ఏళ్ల మనిషి నడక అక్కడిదాకానే. చెయ్యి వెనక్కి వెళ్లాక నాకు ఫోటోలోని అమ్మాయే కనిపించింది. కణుపులు తొడకి రాసుకున్నాయి. బంతి నేల పక్కనుంచి బయల్దేరి, లేచి, బ్యాట్ పట్టుకున్నావిడ గడ్డం కిందుగా వెళ్లి క్యాచర్ చేతిలో పడింది. ఆవిడ బ్యాట్ తిప్పింది గానీ బంతి వెళ్లిపోయాక.

బెంచీల మీంచి ఎవరో ముసలాయన ఆవిడ పేరు పెట్టి అరిచాడు.

మొదటావిడ అవుట్. రెండో ఆవిడ గట్టిగా కొట్టింది. బంతి వెర్నా తల పక్కనుంచి దూసుకుపోయింది. జనం అయ్యో అన్నారు. దెబోరా నా చెయ్యి నలిపేసింది. మూడో ఆవిడ కొట్టిన బంతి సూటిగా వెర్నా మీదికే వచ్చింది. గ్లవ్ లేచింది. టప్ మని చప్పుడు. మామగారు లేచి నిలబడ్డారు. ఆయన చూసేది బంతిని కాదని నాకు తెలుసు. ఒక్క అల్లిక తెగలేదు. నాలుగో ఆవిడ మూడు బంతులకీ గాల్లో బ్యాట్ ఊపింది.

ముగ్గురు అవుట్, ఇన్నింగ్స్ అయిపోయింది. బంతి వెర్నా దగ్గరికే వచ్చింది. ఆవిడ దిగలేదు. తర్వాతి పిచర్ వచ్చేదాకా దిబ్బ మీదే ఉండి, ఆమె చేతిలో బంతి తనే పెట్టింది. ఏదో చెప్పింది కూడా. అప్పుడు టోపీ తీసి, బెంచి దగ్గర నిలబడ్డ ఎడ్నా వైపు మెల్లిగా, తొందర లేకుండా నడిచింది.

తర్వాత కంచె దగ్గరికి వచ్చి గ్లవ్ మామగారికి అందించింది. ఆయన దాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని ఒక్కొక్క ముడీ తడిమి చూశారు.

"చిటికినవేలు దగ్గర ముడి కాస్త జారింది," అన్నారు. "చెప్పు దెబోరమ్మా, వచ్చేసారికి సరిచేస్తానని."

దెబోరా చెప్పింది.

"వచ్చేసారికా?" అంది వెర్నా. తెల్లటి కణుపుల మీద ఎర్రగా కమిలిన చోట ఊదుకుంటూ ఎడ్నా వైపు చూసింది. "ఎప్పటికి కావాలో ఎడ్నాని అడిగి చెప్తానని తాతతో అను."